పశువుల తెల్ల రక్తకణాలు: స్లైడు మీద జాతినీ వయసునూ చదవడం ఎలా

కుక్క రక్తంలోని తెల్లకణాల్లో న్యూట్రోఫిళ్లనే రకం 70 శాతం కనిపిస్తే రిపోర్టు మామూలే. అదే 70 శాతం ఆవు రక్తంలో కనిపిస్తే ఎక్కడో వాపో, చీమో, లేదా ఒంట్లో స్టిరాయిడ్ల ప్రభావమో ఉందని అనుమానించాలి. ఆరోగ్యంగా ఉన్న ఆవులో లింఫోసైట్లనే మరో రకానిదే పైచేయి. న్యూట్రోఫిల్ ఒకటి ఉంటే లింఫోసైట్లు రెండు ఉంటాయి. కుక్కలో లెక్క తిరగబడుతుంది: లింఫోసైటు ఒకటికి న్యూట్రోఫిళ్లు మూడు, మూడున్నర. పిల్లిలోనూ న్యూట్రోఫిళ్లే ఎక్కువ. గుర్రంలో రెండూ ఇంచుమించు సమానం, న్యూట్రోఫిళ్లు ఒక పిసరు ముందు. గొర్రె, మేక, గేదె ఆవు దారిలోనే నడుస్తాయి. దూడ సంగతి వేరు. పుట్టిన రోజున న్యూట్రోఫిళ్లే ఎక్కువగా ఉండి, కొన్ని వారాల్లో లింఫోసైట్లు వాటిని దాటిపోతాయి. వారం వయసు దూడ రక్తాన్ని పెద్ద ఆవు కొలతలతో పోల్చి జబ్బు అంటగట్టడం తరచూ జరిగే పొరపాటు.

కాబట్టి మైక్రోస్కోపు ముందు కూర్చున్నప్పుడు ఒక్కో కణాన్ని రెండు ప్రశ్నలు అడగాలి: నువ్వు ఏ జంతువుదానివి, నీ వయసెంత? రకం పేరు పెట్టడం ఆ తర్వాత.

మైక్రోలీటరు రక్తంలో మొత్తం తెల్లకణాలు సాధారణంగా ఇలా ఉంటాయి: కుక్కలో 6,000 నుంచి 17,000, పిల్లిలో 5,500 నుంచి 19,500, ఆవులో 4,000 నుంచి 12,000, మేకలో 4,000 నుంచి 13,000, గుర్రంలో 5,500 నుంచి 12,500, పందిలో 11,000 నుంచి 22,000. మీ ల్యాబులో సొంతంగా నిర్ధారించుకున్న హద్దులుంటే వాటినే వాడండి.

మజ్జలో ఏం జరుగుతుంది

ఇది తెలియకుండా స్లైడు చదివితే కణాల సంఖ్య వస్తుంది కానీ అర్థం రాదు. అందుకే ముందు మజ్జలోకి వెళ్దాం.

న్యూట్రోఫిల్, ఇసినోఫిల్, బేసోఫిల్ మూడూ ఎముక మజ్జలో ఒకే రకం మెట్లు దిగి వస్తాయి. మొదటిది మైలోబ్లాస్ట్: గుండ్రటి కేంద్రకం, అందులో స్పష్టంగా కనిపించే న్యూక్లియోలస్ అనే చిన్న చుక్క, చుట్టూ నీలి కణద్రవ్యం. తర్వాత ప్రోమైలోసైట్. దీనిలో ఎర్రటి ఊదారంగు తొలి రేణువులు కనిపిస్తాయి. మూడోది మైలోసైట్. ఇక్కడ కేంద్రకం ఇంకా గుండ్రంగానే ఉంటుంది కానీ న్యూక్లియోలస్ కనిపించదు. ఏ కణం ఏ రకమో తేలేదీ ఇక్కడే, ఎందుకంటే ఆ రకానికి ప్రత్యేకమైన రేణువులు ఈ దశలోనే పుడతాయి. ఇసినోఫిల్ రేణువులు నారింజ-గులాబీ, బేసోఫిల్‌వి ఊదా, న్యూట్రోఫిల్‌వి చాలా జంతువుల్లో రంగు పట్టీ పట్టనట్టు.

మైలోసైట్ దాకా కణం విభజన చెందుతుంది. ఒక మైలోబ్లాస్ట్ నుంచి 16 నుంచి 32 దాకా కణాలు వస్తాయి. ఆ తర్వాత విభజన ఆగిపోతుంది, ఇక ముదరడమే. కేంద్రకం చిక్కుడు గింజలా నొక్కుకుపోతే మెటామైలోసైట్, గుర్రపు లాడంలా సన్నగా వంగితే బ్యాండ్, ముక్కలుగా విడిపోతే ముదురు న్యూట్రోఫిల్. కుక్కలో ఈ ప్రయాణానికి మామూలుగా ఆరేడు రోజులు పడుతుంది. గట్టి ఇన్‌ఫెక్షన్ వచ్చి మజ్జకు గిరాకీ పెరిగితే రెండు మూడు రోజుల్లోనే ముగుస్తుంది. అంత తొందరలో తయారైన కణం తొందరపాటు గుర్తులతోనే రక్తంలోకి వస్తుంది. వాటి గురించి కింద చెబుతాను.

ముదిరిన కణాలు వెంటనే బయటికి రావు. మజ్జలో గోదాము ఉంటుంది. కుక్క గోదాములో దాదాపు ఐదు రోజుల సరుకు ఉంటుంది. ఆవు గోదాము చిన్నది. ఈ ఒక్క తేడా వల్లే రెండు జంతువుల రిపోర్టులు అంత భిన్నంగా ఉంటాయి. కుక్కకు చీము పడితే న్యూట్రోఫిళ్లు 30, 40 వేలకు ఎగబాకుతాయి. ఆవుకు తీవ్రమైన పొదుగువాపు వస్తే మొదటి ఒకటి రెండు రోజులు న్యూట్రోఫిళ్లు పడిపోతాయి, ఎందుకంటే ఉన్నవన్నీ పొదుగులోకి వెళ్లిపోతే వెనక నిల్వ లేదు.

బయటికొచ్చిన న్యూట్రోఫిల్ రక్తంలో ఉండేది గంటల లెక్కలోనే, సుమారు పది గంటలు. కణజాలంలోకి వెళ్తే తిరిగి రాదు. రక్తంలో ఉన్న కాసేపైనా అన్నీ ప్రవాహంలో ఉండవు, కొన్ని చిన్న రక్తనాళాల గోడలను అంటుకుని ఉంటాయి. కుక్కలో ప్రవాహంలో ఒకటి ఉంటే గోడకు ఒకటి. పిల్లిలో ప్రవాహంలో ఒకటి ఉంటే గోడకు మూడు. సూది కనబడగానే బెదిరిన పిల్లిలో ఆ గోడ కణాల్లో కొన్ని నిమిషాల్లో ప్రవాహంలోకి వచ్చేస్తాయి. మనం తీసిన రక్తంలో కౌంటు రెట్టింపై కనిపిస్తుంది, లింఫోసైట్లు కూడా పెరుగుతాయి. పిల్లికి జబ్బేమీ లేదు, మనమంటే భయం, అంతే.

మరో రకం తెల్లకణాలైన మోనోసైట్లకు మజ్జలో గోదాము లేదు. తయారైన వెంటనే రక్తంలోకొచ్చి, అక్కణ్నుంచి కణజాలంలోకి వెళ్లి, క్రిములను మింగే మాక్రోఫేజులవుతాయి. లింఫోసైట్ల దారి వేరు. వాటిలో టీ కణాలు థైమస్ గ్రంథిలో ముదురుతాయి. బీ కణాలు కుక్కలో మజ్జలోనే ముదిరితే, గొర్రె వంటి నెమరువేసే జంతువుల్లో చిన్నపేగు చివరి భాగంలోని పేయర్ ప్యాచులనే లింఫ్ కణజాలపు ముద్దలు ఆ పని చేస్తాయి. కోడిలో ఆ పని బర్సా అనే చిన్న సంచిది. బీ అనే అక్షరం ఆ బర్సా పేరు నుంచే వచ్చింది. లింఫోసైట్లు రక్తం నుంచి లింఫ్ గ్రంథులకు, అక్కణ్నుంచి మళ్లీ రక్తానికి తిరుగుతూనే ఉంటాయి. కాబట్టి లింఫోసైట్లు తగ్గాయంటే చచ్చిపోయాయని కాదు, చాలాసార్లు గ్రంథుల్లో ఆగిపోయాయని.

రక్తం, స్లైడు

రక్తం గడ్డకట్టకుండా ఆపే ఈడీటీఏ ఉన్న ట్యూబులో, అంటే ఊదా మూతదానిలో తీసుకోండి. గీత దాకా నింపాలి. సగం నింపితే ఈడీటీఏ మోతాదు ఎక్కువై కణాలు ముడుచుకుంటాయి. తీసిన వెంటనే ఎనిమిది పది సార్లు మెల్లగా తలకిందులు చేయండి, కుదపొద్దు. సూది ఒకటికి రెండుసార్లు పొడిస్తే, రక్తం చుక్కచుక్కగా వస్తే లోపల చిన్న గడ్డ కడుతుంది. గడ్డ ఉన్న ట్యూబు నుంచి వచ్చిన ఏ కౌంటునూ నమ్మొద్దు, మళ్లీ తీయండి. పిల్లి రక్తంలో ప్లేట్‌లెట్లు గుంపులు కడతాయి, మిషన్ వాటిని తెల్లకణాలుగా లెక్కేస్తుంది. అందుకే పిల్లి రిపోర్టులో మిషన్ అంకె ఎంత బాగున్నా స్లైడు చూడాల్సిందే.

స్లైడు గంటలోపు చేయాలి. ఆలస్యమైతే న్యూట్రోఫిల్ కేంద్రకం ట్యూబులోనే మరిన్ని ముక్కలవుతుంది, కణద్రవ్యంలో బుడగలు వస్తాయి. ఆ బుడగలను చూసి విష లక్షణాలని, అంటే తొందరలో తయారైన కణం గుర్తులని రాసేస్తారు. శాంపిల్ దూరం పంపాల్సి ఉంటే ట్యూబుతో పాటు అప్పుడే చేసి ఆరబెట్టిన రెండు స్లైడులూ పంపండి. వాటిని ఫార్మలిన్ సీసా ఉన్న పెట్టెలో మాత్రం పెట్టకండి. ఆ ఆవిరి తగిలిన స్లైడుకు రంగు సరిగా పట్టదు.

చుక్క 2, 3 మిల్లీమీటర్ల వెడల్పు చాలు, స్లైడు చివర నుంచి ఒక సెంటీమీటరు లోపలికి పెట్టండి. రెండో స్లైడును 30 నుంచి 45 డిగ్రీల వాలులో పట్టుకుని చుక్క దాకా వెనక్కి లాగండి. రక్తం అంచు పొడవునా పరుచుకోగానే, ఆగకుండా ఒకే ఊపులో ముందుకు నెట్టండి. పైనుంచి నొక్కొద్దు. నొక్కితే పెద్ద కణాలన్నీ చివరకు కొట్టుకుపోతాయి. రక్తహీనత ఉన్న జంతువు రక్తం పలచన కాబట్టి వాలు కాస్త నిలువుగా పెట్టండి. నీరు తగ్గి రక్తం చిక్కబడితే వాలు తగ్గించండి. మంచి పూత స్లైడులో సగం నుంచి మూడింట రెండు వంతుల పొడవుండి, చివర పక్షి ఈక అంచులా పలచబడాలి. గాలిలో చకచకా ఊపి ఆరబెట్టండి. నెమ్మదిగా ఆరితే కణాలు ముడుచుకుని లింఫోసైట్లన్నీ ఒకే నల్ల చుక్కలా కనిపిస్తాయి.

రంగు

లీష్మన్ వాడేవాళ్లు: పూత మునిగేలా రంగు పోసి ఒకటి రెండు నిమిషాలు ఉంచండి. ఆ రంగులో మిథనాల్ ఉంటుంది కాబట్టి కణాలు అప్పుడే స్లైడుకు అతుక్కుంటాయి. తర్వాత రంగుకు రెట్టింపు బఫర్ నీళ్లు కలిపి, ఊది కలిపి, 7 నుంచి 10 నిమిషాలు ఉంచండి. బఫర్ పీహెచ్ 6.8 ఉండాలి. కడిగేటప్పుడు రంగును వంచి పారబోయకండి. స్లైడు అలాగే ఉంచి నీళ్లతో పొంగించండి. వంచితే పైన తేలే మెరుపు పొర పూత మీద కూర్చుని నల్లటి చుక్కలవుతుంది.

జీమ్సాకైతే ముందు మిథనాల్‌లో 3 నుంచి 5 నిమిషాలు, తర్వాత ఒక వంతు రంగుకు తొమ్మిది వంతుల బఫర్ కలిపి 20 నుంచి 30 నిమిషాలు. త్వరగా అయ్యే మూడు సీసాల రంగులతో పని నడుస్తుంది కానీ బేసోఫిల్ రేణువులు వాటిలో ఒక్కోసారి పట్టవు. బేసోఫిళ్లు కనపడకపోతే ముందు రంగును అనుమానించండి.

స్లైడంతా నీలిగా ఉంటే నీళ్లలో క్షారం ఎక్కువ, లేదా కడగడం తక్కువ, లేదా పూత మందం. అంతా గులాబీగా ఉంటే ఆమ్లం ఎక్కువ లేదా కడిగింది ఎక్కువ. ఎర్రకణాల మీద గాజు ముక్కల్లాంటి మెరుపులు కనిపిస్తే మిథనాల్‌లోకి తేమ చేరింది, సీసా మార్చండి.

లెక్క

మొత్తం కౌంటు చేత్తో చేసేవాళ్లు రక్తాన్ని, ఎర్రకణాలను కరిగించే టర్క్ ద్రావణంతో 1:20గా పలచన చేసి, కౌంటింగ్ ఛాంబర్ నింపి, కణాలు కిందికి దిగేందుకు రెండు మూడు నిమిషాలు ఆగాలి. నాలుగు మూలల పెద్ద గళ్లలో లెక్కించి వచ్చిన అంకెను 50తో గుణించండి. 190 వస్తే 9,500. కోడి రక్తానికి ఈ పద్ధతి పనికిరాదు. దాని ఎర్రకణాలకే కేంద్రకం ఉంటుంది, టర్క్ ద్రావణంలో అవీ నిలిచిపోతాయి.

ఛాంబర్ లేనిచోట స్లైడు మీదే అంచనా వేయొచ్చు. 40 రెట్ల లెన్సుతో పది చోట్ల తెల్లకణాలు లెక్కించి సగటును 1,600తో గుణించండి. ఇది ఉజ్జాయింపే. అయినా మిషన్ 4,000 అంటుంటే స్లైడు అంచనా 15,000 వస్తే, ఎక్కడో తేడా జరిగిందని తెలుస్తుంది.

రకాల లెక్కకు ముందు 10 రెట్ల లెన్సుతో ఈక అంచు చూడండి. ప్లేట్‌లెట్ గుంపులు, మైక్రోఫైలేరియాలనే పురుగు పిల్లలు, పెద్ద కణాలు చేరేది అక్కడే. తర్వాత అంచు వెనక, ఎర్రకణాలు ఒకదానికొకటి తాకీ తాకనట్టున్న ప్రాంతానికి వచ్చి నూనె లెన్సు పెట్టండి. కోట బురుజుల గీతలాగా కదలండి: రెండు చోట్లు పైకి, రెండు పక్కకి, రెండు కిందికి. అంచుల నుంచి లోపలికి వెళ్లినప్పుడే మోనోసైట్లూ లింఫోసైట్లూ సరైన పాళ్లలో దొరుకుతాయి.

కనీసం 100 కణాలు లెక్కించాలి, వీలైతే 200. ఎందుకో అంకెల్లో చూడండి. 100 కణాల్లో బ్యాండ్లు 5 వస్తే అసలు శాతం 2కీ 11కీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. 200లో 10 వస్తే ఆ హద్దు 2.4కీ 9కీ మధ్యకు తగ్గుతుంది. నిన్న 3, ఇవాళ 6 అని కంగారు పడేవాళ్లు ఈ లెక్క గుర్తుంచుకోవాలి.

శాతంతో ఆగిపోకండి. మొత్తం కౌంటును శాతంతో గుణించి 100తో భాగించి, మైక్రోలీటరుకు ఎన్నో రాయండి. కేంద్రకం ఉన్న ఎర్రకణాలు కనిపిస్తే వాటిని పక్కన విడిగా లెక్కపెట్టుకోండి, మిషనూ ఛాంబరూ రెండూ వాటిని తెల్లకణాలుగానే చూస్తాయి. దిద్దుబాటు సులువు: కౌంటు 18,000, నూరు తెల్లకణాలకు అలాంటివి 20 ఉంటే, 18,000ను 100తో గుణించి 120తో భాగించండి. అసలు కౌంటు 15,000.

కణాన్ని గుర్తుపట్టడం

అన్నిటికన్నా ముచ్చటైన కణం ఇసినోఫిల్. జంతువు పేరు చెప్పకపోయినా దీన్ని చూసి జంతువును చెప్పేయొచ్చు. గుర్రానిది కోరిందపండులా పెద్ద పెద్ద గుండ్రటి రేణువులతో నిండి ఉంటుంది. పిల్లిలో అవి సన్నని పుల్లల్లా ఉంటాయి. ఆవు, గొర్రెల్లో చిన్న చిన్న గుండ్రటి రేణువులు కిక్కిరిసి ఉంటాయి. కుక్కలో ఒకే కణంలో చిన్నవీ పెద్దవీ కలిసి ఉంటాయి. గ్రేహౌండ్ కుక్కల్లో రేణువుల చోట ఖాళీ బుడగలే కనిపిస్తాయి. తెలియనివాళ్లు దాన్ని విష లక్షణాలున్న న్యూట్రోఫిల్ అనో, మోనోసైటనో రాస్తారు.

బేసోఫిల్ అరుదు. ఆవు, గుర్రాల్లో ముదురు ఊదా రేణువులు కేంద్రకాన్ని కప్పేస్తాయి. కుక్కలో రేణువులు కొద్దిగా, కేంద్రకం రిబ్బనులా పొడుగ్గా ఉంటుంది. పిల్లిలో రేణువులు లేత బూడిద-వంగపూవు రంగులో ఉండి తేలిగ్గా చూపు తప్పించుకుంటాయి.

చిక్కంతా మోనోసైట్ దగ్గర. బ్యాండ్ న్యూట్రోఫిల్‌తోనూ, ఆవులోనైతే పెద్ద లింఫోసైట్‌తోనూ కలగాపులగం అవుతుంది. కేంద్రకం ఆకారం చూసి తేల్చొద్దు, దాని లోపల రంగు పట్టిన పదార్థాన్ని, అంటే క్రొమాటిన్‌ను చూడండి. మోనోసైట్‌లో అది వల అల్లినట్టు వదులుగా ఉంటుంది, బ్యాండ్‌లో గడ్డలు కట్టినట్టు ఉంటుంది. మోనోసైట్ కణద్రవ్యం బూడిద-నీలం, తరచూ బుడగలుంటాయి. ఆవు లింఫోసైట్లు పెద్దవిగా, కేంద్రకం కాస్త నొక్కుకుని ఉండొచ్చు, కొన్నిటిలో ఎర్రటి రేణువులూ ఉంటాయి. అయినా క్రొమాటిన్ నున్నగా దట్టంగా ఉంటే లింఫోసైటే.

బ్యాండా, ముదురుదా అనే సందేహానికి ఒక నియమం పెట్టుకుని దానికే కట్టుబడండి: కేంద్రకంలో నొక్కు ఎక్కడా దాని వెడల్పులో సగానికి మించి పోకపోతే బ్యాండ్. తేల్చుకోలేకపోతే ముదురుదిగా రాయండి. గుర్రంలో ముదురు న్యూట్రోఫిల్ కేంద్రకం కూడా ముక్కలుగా స్పష్టంగా విడిపోదు, అంచులు గరుకుగా ఉంటాయి. అలాంటి గరుకు అంచుంటే ముదురుదే.

తొందరలో పుట్టిన కణానికి గుర్తులివి: కణద్రవ్యం నీలిగా ఉండడం, నురుగులా బుడగలు, డోలే బాడీలనే నీలి-బూడిద మచ్చలు. గుర్రంలో ఊదా రేణువులు, పిల్లిలో మామూలుకన్నా చాలా పెద్ద న్యూట్రోఫిళ్లు కూడా చూస్తాం. అయితే డోలే బాడీలు ఒకటీ అరా ఆరోగ్యమైన పిల్లిలోనూ ఉంటాయి. వాటికే భయపడొద్దు.

లెక్కిస్తున్నప్పుడు కణాల లోపలా చూడండి. కుక్క న్యూట్రోఫిల్‌లో లేత నీలి కోడిగుడ్డు ఆకారం కేంద్రకాన్ని పక్కకు నెట్టి కనిపిస్తే హెపటోజూన్ అనే పరాన్నజీవి. మోనోసైట్‌లో మల్బరీ పండులాంటి ముద్ద ఎర్లీకియా అనే బాక్టీరియా. పిడుదులు పట్టి, లింఫ్ గ్రంథులు ఉబ్బి, జ్వరంతో ఉన్న ఆవులో లింఫోసైట్ లోపల చుక్కలచుక్కల నీలి ముద్దలుంటే అవి థైలేరియా అనే పరాన్నజీవి కాక్ బాడీలు. వీటికి రక్తం కన్నా గ్రంథి నుంచి సూదితో తీసిన పూత మేలు.

రెండు రిపోర్టులు

ఈనిన ఆవు, పొదుగువాపు మొదటి రోజు. మొత్తం 3,200. ముదురు న్యూట్రోఫిళ్లు 12 శాతం, బ్యాండ్లు 20, మెటామైలోసైట్లు 6, లింఫోసైట్లు 55, మోనోసైట్లు 7, ఇసినోఫిళ్లు లేవు. శాతాల్లో లింఫోసైట్లు 55 అన్నది చూసి ఆవుకు మామూలే కదా అనిపిస్తుంది. అసలు సంఖ్యలు రాయండి: ముదురువి 384, లేతవి 640 ప్లస్ 192, అంటే 832. లింఫోసైట్లు 1,760, ఆవుకు ఉండాల్సిన కనీసం 2,500 కన్నా తక్కువ. ముదురు వాటికన్నా లేతవే ఎక్కువ, మొత్తమేమో తక్కువ. మజ్జ గోదాము ఖాళీ అయిందన్నమాట. ఈ రిపోర్టు డాక్టరుకు ఫోన్ చేసి చెప్పాల్సినది. మర్నాడు మళ్లీ చూడాలి, రెండు మూడు రోజుల్లో మజ్జ అందుకుంటే ముదురువి పెరుగుతాయి.

గర్భాశయంలో చీము పట్టిన కుక్క. మొత్తం 48,000. ముదురువి 74 శాతం, బ్యాండ్లు 14, మెటామైలోసైట్లు 2, లింఫోసైట్లు 4, మోనోసైట్లు 6. అంకెల్లో ముదురువి 35,520, లేతవి 7,680. అంకె భయంకరంగా ఉంది కానీ మజ్జ అడిగినంతా ఇస్తోంది. ఇక్కడ లింఫోసైట్లు 4 శాతమే అని రాసేస్తే తగ్గాయనిపిస్తుంది. నిజానికి 1,920, మామూలే.

లేత కణాలు రక్తంలోకి రావడాన్ని ఎడమ జరుగుబాటు అంటారు. 1904లో ఆర్నెత్ న్యూట్రోఫిళ్లను కేంద్రక ముక్కల లెక్కన పట్టికలో ఎడమ నుంచి కుడికి పేర్చాడు, లేతవి ఎడమన పడ్డాయి. పేరు అలా మిగిలిపోయింది.

మోసం చేసేవి

స్టిరాయిడ్ ఇచ్చినా, జంతువు నొప్పితో బాధపడుతున్నా ముదురు న్యూట్రోఫిళ్లు పెరిగి, లింఫోసైట్లూ ఇసినోఫిళ్లూ తగ్గుతాయి. కుక్కలో మోనోసైట్లు కూడా పెరుగుతాయి. బ్యాండ్లు మాత్రం అంతగా రావు. త్వరగా పనిచేసి త్వరగా తగ్గే స్టిరాయిడ్ ఒక డోసు ఇస్తే 4 నుంచి 8 గంటలకు ఇది పతాక స్థాయికి చేరి, రోజులో సర్దుకుంటుంది. అందుకే శాంపిల్ ఫారంలో ముందు రోజు ఇచ్చిన ఇంజెక్షన్లు రాయించుకోండి.

కుక్కపిల్లకు పార్వో వస్తే న్యూట్రోఫిళ్లు పడిపోవడానికి రెండు కారణాలు: వైరస్ మజ్జలో విభజన చెందుతున్న కణాలను చంపుతుంది, దెబ్బతిన్న పేగు ఉన్నవాటిని లాగేసుకుంటుంది. పిల్లుల పాన్‌ల్యూకోపీనియాలోనూ ఇదే కథ. బ్యాండ్లు మళ్లీ కనిపించడం మొదలైతే మజ్జ తేరుకుంటోందని.

కొన్ని పుట్టుకతో వచ్చేవి. పెల్గర్-హ్యూయెట్ ఉన్న కుక్కలో న్యూట్రోఫిళ్లన్నీ బ్యాండుల్లా కనిపిస్తాయి, ఆస్ట్రేలియన్ షెపర్డ్‌లలో ఇది ఎక్కువ. క్రొమాటిన్ ముదురు గడ్డలుగా ఉండి, కణద్రవ్యం శుభ్రంగా ఉండి, కుక్క చెంగుచెంగున గెంతుతుంటే అది ఎడమ జరుగుబాటు కాదు. బూడిద రంగు కోలీలలో సుమారు 12 రోజులకోసారి న్యూట్రోఫిళ్లు మాయమై మళ్లీ వస్తాయి. హోల్‌స్టీన్ దూడల్లో ఒక జన్యులోపం వల్ల న్యూట్రోఫిళ్లు రక్తనాళం గోడకు అతుక్కోలేక రక్తంలోనే గుట్టలుగా పోగవుతాయి. కౌంటు ఆకాశంలో ఉంటుంది, దూడకేమో ఇన్‌ఫెక్షన్లు తగ్గవు.

పెద్ద ఆవులో జబ్బు ఛాయలేవీ లేకుండా లింఫోసైట్లు నెలల తరబడి ఎక్కువగానే ఉంటే బోవైన్ ల్యూకీమియా వైరస్ పరీక్ష అడగండి. ఒక్క రిపోర్టుతో ఆ మాట అనకూడదు. మళ్లీ రక్తం తీసి, అదే ల్యాబులో, అదే నియమంతో లెక్కించిన రెండో రిపోర్టు పక్కన పెట్టి చూడాలి.